అరువు ఇచ్చినవాడి పక్షాన

(ఒడిశాలోని రాయగడలో వర్తకులు, లారీ యజమానులు, జూనియర్ న్యాయవాదులు కలిసిన సభలో కటక్ నుంచి వచ్చిన ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, షావుకారు గార్లకు, లారీ యజమానులకు, ముందు వరుసలో నోటు పుస్తకాలు పట్టుకుని కూర్చున్న జూనియర్ వకీళ్లకు నమస్కారం.

ఏ భాషలో మాట్లాడమంటారని ముందే అడిగాను. "తెలుగులోనే మాట్లాడండి వకీలమ్మా, మిగతా భాషల కాగితాలు మాకు రోజూ వస్తూనే ఉంటాయి" అన్నారు. ఆ మాటలోనే మన ఇబ్బంది సగం ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

దివాలా కేసుల్లో బాకీ రావలసినవాళ్ల తరఫున వాదించడం నా పని. ఇలా చెప్పగానే చాలామంది "ఓహో, వసూళ్ల వకీలా" అంటారు. రుణదాత అనగానే మన మనసులో ఒక బొమ్మ ఉంది. తనఖా కాగితాలు ఇనప్పెట్టెలో పెట్టుకుని వడ్డీ లెక్కలు వేసుకునే మనిషి. బ్యాంకుల తరఫున కూడా వాదించాను, దాచను. కానీ నా ఆఫీసు మెట్లెక్కినవాళ్లలో ఎక్కువమంది ఎవరనుకుంటున్నారు? మిల్లుకి సరుగుడు కర్ర తోలిన కాంట్రాక్టరు. ఫైనాన్సులో రెండు లారీలు తీసుకుని బొగ్గు తోలినవాడు. ఫ్యాక్టరీ గేటు లోపల క్యాంటీను నడిపిన ఆవిడ. కాటా రిపేరు చేసి ఎనిమిది నెలలుగా బిల్లు కోసం తిరుగుతున్న మెకానిక్కు. వీళ్లెవరూ తాము అప్పు ఇచ్చామని అనుకోలేదు. సరుకిచ్చాం, డబ్బు తర్వాత ఇస్తామన్నారు, అంతే. చట్టం మాత్రం ఆ బిల్లు వాయిదా దాటిన రోజునుంచి వాళ్లను రుణదాతలంటుంది. ఆ పేరు తమకుందని తెలియకనే చాలామంది నష్టపోయారు.

ఈ పనిలోకి నేనెలా వచ్చానో చెప్పాలంటే గుణుపురం వెళ్లాలి. మాది అక్కడే. మా నాన్న కొండదిగువ సంతల్లో చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు కొని పట్నం షావుకార్లకు వేసేవారు. 1983లో, నేను చిన్నపిల్లని, ఆయన సరుకు వేసే షావుకారు ఒకాయన ఐ.పి. పెట్టేశాడు. మన వైపు ఈ మాట అందరికీ తెలుసు. ఇన్సాల్వెన్సీ పిటిషను అన్న రెండు ఇంగ్లీషు ముక్కలు మన నోళ్లలో నలిగి ఐ.పి. అయ్యాయి. మా నాన్నకు ఆయన దగ్గర 8,400 రూపాయలు రావాలి. అప్పట్లో మా ఇంటికి అది ఏడాది గ్రాసం. కోర్టు నుంచి నోటీసు వచ్చింది. నాన్న దాన్ని మడిచి దేవుడి గూట్లో పెట్టారు. అమ్మ అడిగితే అన్న మాట నాకిప్పటికీ చెవిలో ఉంది: "ఆయన కష్టంలో ఉన్నప్పుడు నేను కోర్టుకెళ్లి నిలబడితే ఏటి మర్యాద? ఆయన మొహం ఎలాగ చూస్తాను?"

పెద్దయ్యాక, లా చదువుకున్నాక, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం మొదటిసారి తెరిచాను. అందులో 49వ సెక్షను ఉంది. బాకీ రుజువు చేసుకోవడానికి రుణదాత కోర్టుకు స్వయంగా వెళ్లనక్కర్లేదు. నాకింత రావాలి అని ప్రమాణపత్రం రాసి రిజిస్టరు పోస్టులో పంపితే చాలు. కోరాపుట్ జిల్లా జడ్జి కోర్టు జయపురంలో ఉంటుంది. గుణుపురం పోస్టాఫీసు నుంచి జయపురానికి ఒక కవరు. షావుకారు మొహం చూడాల్సిన పని లేదు, ఆయన పరువు తీయాల్సిన పని లేదు. ఆ సెక్షను చదివిన రోజు లైబ్రరీలో చాలాసేపు కూర్చుండిపోయాను. మా నాన్న డబ్బు పోయింది షావుకారు వల్ల సగం. మిగతా సగం మొహమాటం వల్ల, ఆ కవరు సంగతి చెప్పేవాళ్లు లేకపోవడం వల్ల.

అదే చట్టంలో ఇంకొక మాట ఉంది, అది నాకు చాలా ఇష్టం. దివాలా తీసినవాడికి కోర్టు పూర్తి విముక్తి ఇచ్చే ముందు, అతని ఆస్తి అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాలకు సరిపోతుందా అని చూడాలి. సరిపోకపోతే, అది తన తప్పు వల్ల కాదని అతను కోర్టును ఒప్పించాలి. అణాలు పోయి ఎన్నాళ్లయినా ఆ ఎనిమిది అణాలు చట్టంలో అలాగే ఉన్నాయి. అప్పు తీర్చలేనివాడిని జైల్లో వేయాలన్న కోపం అందులో లేదు, ఊరికే వదిలేయాలన్న ఉదాసీనతా లేదు. సగమైనా ఇవ్వు, ఇవ్వలేకపోతే ఎందుకో చెప్పు అంటోంది. నేను రుణదాతల వకీలునైనా ఈ తూకాన్ని గౌరవిస్తాను. ఐ.పి. పెట్టిన ప్రతివాడూ మోసగాడు కాడు.

1997లో నేను కటక్ బార్‌లో చేరినప్పుడు కంపెనీల దివాలా అంటే హైకోర్టులో వైండింగ్ అప్ పిటిషను, అంటే కంపెనీని మూసేసి పంచమని అడగడం. మూడు వారాల నోటీసు, పిటిషను, ఆ తర్వాత ఏళ్లు. మధ్యలో కంపెనీ 1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టం కింద ఢిల్లీలో ఖాయిలా కంపెనీల బోర్డు బి.ఐ.ఎఫ్.ఆర్.కి వెళ్లిందంటే మన కేసు అక్కడే ఆగిపోయేది. 22వ సెక్షను చూపించి, ఎవ్వరూ ఏమీ వసూలు చేయకూడదు అనేవారు. లోపల మిషన్లు తుప్పు పట్టేవి, రాగి తీగలు మాయమయ్యేవి. చివరికి అమ్ముదామంటే తుక్కు రేటు. ఆ రోజుల గురించి ఇంతకంటే చెప్పను.

2016లో ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్‌రప్ట్సీ కోడ్ వచ్చింది. కంపెనీల భాగం ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అమలైంది. మొదట్లో ఒడిశా కేసులకు కలకత్తా వెళ్లాల్సి వచ్చేది. 2019లో కటక్‌లోనే ఎన్.సి.ఎల్.టి., అంటే కంపెనీ కేసులు చూసే జాతీయ ట్రిబ్యునల్, బెంచి పెట్టారు, ఒడిశాకు, ఛత్తీస్‌గఢ్‌కు కలిపి. కేసు తీసుకున్నాక 180 రోజులు, అవసరమైతే ఇంకో 90. కోర్టు వ్యవహారాలన్నీ కలుపుకుని 330 రోజుల్లో ముగించాలని 2019 సవరణ. నిజానికి ఎన్నో కేసులు ఆ గడువు దాటుతున్నాయి, నా కేసులే దాటాయి. అయినా పాత రోజులతో పోలిస్తే, ట్రిబ్యునల్ కేసు తీసుకున్న రోజే కంపెనీ పెత్తనం పాత యజమాని చేతిలోంచి ట్రిబ్యునల్ నియమించిన రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి వెళ్లిపోతుంది. నాకు అన్నిటికంటే పెద్ద మార్పు అదే. డబ్బు ఎగ్గొట్టిన మనిషి అదే కుర్చీలో కూర్చుని మనల్ని వెయిటింగ్ రూములో కూర్చోబెట్టే రోజులు పోయాయి.

ఇక కష్టమైన సంగతి. ఈ చట్టంలో రుణదాతలందరూ ఒకటి కాదు. డబ్బు అప్పిచ్చిన బ్యాంకు ఫైనాన్షియల్ క్రెడిటరు. సరుకు, కిరాయి, పని ఇచ్చిన మీరు ఆపరేషనల్ క్రెడిటర్లు. కంపెనీ భవిష్యత్తు తేల్చే రుణదాతల కమిటీలో ఓటు బ్యాంకులది. ఎవరు కొనాలి, ఎంతకు కొనాలి అన్నది వాళ్లలో 66 శాతం ఓటుతో తేలుతుంది. ఆపరేషనల్ క్రెడిటర్ల బాకీలన్నీ కలిపి మొత్తం అప్పులో 10 శాతానికి తగ్గకుండా ఉంటే ఒక ప్రతినిధి మీటింగులో కూర్చోవచ్చు. ఓటు ఉండదు. 2019 నవంబరులో ఎస్సార్ స్టీల్ తీర్పులో సుప్రీంకోర్టు కమిటీ వ్యాపార నిర్ణయంలో ట్రిబ్యునళ్లు వేలు పెట్టకూడదని గట్టిగా చెప్పింది. అందువల్ల, కమిటీ తలుపు మూసుకున్నాక నేను ఎంత బాగా వాదించినా లాభం కొద్దిగానే. నా పని అంతా ఆ తలుపు మూసుకోకముందు.

డబ్బు ఏ వరసలో పంచుతారో మా పెళ్లిళ్ల బంతి భోజనాలు చెప్పి అర్థం చేయిస్తాను. కంపెనీని అమ్మేసి పంచాల్సి వస్తే 53వ సెక్షను వడ్డన వరస. మొదట ప్రక్రియ ఖర్చులు, అంటే వంటవాళ్ల కూలి. తర్వాత బంతిలో కార్మికుల 24 నెలల బాకీ జీతాలు, తనఖా హక్కు వదులుకున్న బ్యాంకులు పక్కపక్కనే కూర్చుంటారు. ఆ తర్వాత మిగతా ఉద్యోగుల 12 నెలల జీతాలు. తర్వాత తనఖా లేని ఫైనాన్షియల్ అప్పులు. తర్వాత ప్రభుత్వ బాకీలు. ఆ తర్వాత బంతిలో మీరు. వాటాదారులు మీ వెనక. మీ ఆకు దగ్గరికి వచ్చేసరికి గంగాళంలో ఎంత మిగులుతుందో ఎవరూ ముందే చెప్పలేరు, చాలాసార్లు అడుగే కనిపిస్తుంది. కంపెనీని ఎవరైనా కొని నడిపిస్తే, అమ్మేసి పంచినప్పుడు మీకొచ్చేదానికి తగ్గకుండా ఇవ్వాలని చట్టం అంటుంది. అలా పంచితే వచ్చేది సున్నా అయితే, దానికి తగ్గకుండా అన్నదీ సున్నాయే. ఈ మాట క్లయింటుకు మొదటి రోజే చెప్పాలి. చెప్పని వకీలు ఫీజు తీసుకోకూడదని నా అభిప్రాయం.

అలాంటప్పుడు ఈ గొడవంతా ఎందుకమ్మా అని మీలో కొందరు అనుకుంటున్నారు, మొహాల్లో కనిపిస్తోంది. ఎందుకంటే, కొనేవాడు కంపెనీని నడపాలనుకుంటే అతనికి కర్ర కావాలి, లారీ కావాలి, కాటా కావాలి. మీరు లిస్టులో ఉంటే మీతో మాట్లాడతాడు. బాకీ దాఖలు చేయనివాడు ఆ లెక్కలో లేనట్టే. కంపెనీని కొనేవాడు ఇచ్చిన ప్లాను ఒకసారి ఆమోదం పొందాక, అందులో లేని పాత బాకీని కొత్త యజమాని దగ్గర అడిగే హక్కు పోతుంది.

దాఖలు చేయాలంటే తెలియాలి గదా. మొదట్లో భాష సంగతి తర్వాత చెబుతానన్నాను, ఇక్కడే. కంపెనీ దివాలా ప్రక్రియ మొదలయ్యాక మూడు రోజుల్లో బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ఒక ఇంగ్లీషు పేపర్లో, ఒక ప్రాంతీయ భాష పేపర్లో. ఏ ప్రాంతం? కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు, ముఖ్య కార్యాలయం ఉన్నచోట. మీ ముందు పొగ వదిలే చిమ్నీ రాయగడ జిల్లాలో ఉండవచ్చు, రిజిస్టర్డ్ ఆఫీసు ఇంకో రాష్ట్రంలో ఉండవచ్చు. కేసు కూడా అక్కడి బెంచిలోనే. జయపురం దగ్గర గగనాపూర్‌లో సేవా పేపరు మిల్లు మీకందరికీ తెలుసు. అది బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ వారిదిగా ఉండేది. ఆ కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో. అందుకని 2020 జనవరిలో దివాలా ప్రక్రియ మొదలైంది ముంబై బెంచిలో. కటక్ దగ్గరే కదా అనుకుంటే కుదరదు. ఆ బల్లార్‌పూర్‌లోనూ మన తెలుగువాళ్లు బోలెడుమంది ఉన్నారు, ఇక్కడిలాగే సరిహద్దు ఊరు.

మరి మనం చదివే పేపరు ఏది? పార్వతీపురం వైపు నుంచో విజయనగరం వైపు నుంచో పొద్దున బస్సులో వచ్చే తెలుగు పేపరు. ఆ ప్రకటన మరాఠీలోనో బెంగాలీలోనో ఒడియాలోనో వస్తుంది. మనకు తెలిసేసరికి గడువు అయిపోతుంది. ప్రకటనలో సాధారణంగా 14 రోజులు ఇస్తారు. తప్పితే కనీసం 90 రోజుల వరకు దారి ఉంది, ఆ తర్వాత ఆలస్యం ఎందుకైందో చెప్పుకుని బతిమాలుకోవాలి. ఇన్సాల్వెన్సీ బోర్డు వెబ్‌సైటులో ప్రతి ప్రకటనా పెడతారు. మీ పిల్లలకు చెప్పండి, నెలకు రెండుసార్లు మీరు సరుకు వేసే కంపెనీల పేర్లు అందులో కొట్టి చూడమనండి. పది నిమిషాల పని.

క్యాంటీను ఆవిడ సంగతి చెబుతాను. ఆవిడకు 2,86,000 రూపాయలు రావాలి. బిల్లు పుస్తకం లేదు. ఉన్నది రూళ్ల నోటు పుస్తకాలు నాలుగు, తెలుగులో, రోజూ ఎన్ని భోజనాలు, ఎన్ని టీలు, షిఫ్టు సూపర్‌వైజరు పొట్టి సంతకం. "ఇది కోర్టులో చెల్లుతుందా అమ్మా, ఇంగ్లీషు కాదు కదా" అంది. ఖాతా పుస్తకం క్రమంగా రాసినదైతే సాక్ష్యంగా పనికొస్తుంది, కానీ అదొక్కటే చూపించి ఒకరి నెత్తిన బాకీ వేయలేం. దానికి తోడు ఇంకేదైనా కావాలి. ఆవిడ దగ్గర ఒక గోనెసంచి నిండా టోకెన్లు ఉన్నాయి, నెలవారీ దారం కట్టి. నేను, నా జూనియరు, మా క్లర్కు మూడు రోజులు కూర్చుని టోకెన్లు లెక్కపెట్టాం. పుస్తకంలో లెక్కకు, సంచిలో లెక్కకు ఎక్కడా పెద్ద తేడా రాలేదు. పుస్తకాలు ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి ప్రమాణపత్రం జోడించి ఫారం బి, అంటే ఆపరేషనల్ క్రెడిటర్లు బాకీ చెప్పుకునే ఫారం, దాఖలు చేశాం. ముందు ఆధారాలు చాలవన్నారు, తర్వాత పూర్తి మొత్తానికి ఒప్పుకున్నారు. చివరికి ఆవిడ చేతికొచ్చింది అందులో పదోవంతుకు కాస్త ఎక్కువ. చాలా తక్కువ, నాకు తెలుసు. కానీ ఆ ఒప్పుకున్న జాబితా కాగితం జిరాక్సు అడిగి తీసుకుంది. "నేను అబద్ధం ఆడలేదని రాశారు కదమ్మా" అంది. నా ఇన్నేళ్ల ప్రాక్టీసులో నాకు అంత తృప్తినిచ్చిన కాగితం ఇంకొకటి లేదు.

ఇప్పుడు ఓడిపోయిన కేసు. ఇది లారీ యజమానులు, కర్ర కాంట్రాక్టర్లు జాగ్రత్తగా వినాలి. ఒకాయనకు ఒక మిల్లు నుంచి 1 కోటి 37 లక్షలు రావాలి. 2020 మార్చి 24 నుంచి ఎన్.సి.ఎల్.టి.కి వెళ్లాలంటే కనీస బాకీ కోటి రూపాయలు, అంతకుముందు లక్ష ఉండేది. కోటి దాటింది కాబట్టి దారి ఉంది. 8వ సెక్షను కింద డిమాండ్ నోటీసు పంపాం. నోటీసు అందాక వాళ్లకు 10 రోజులు. ఈలోగా, "ఈ బాకీ మీద మాకు ముందునుంచే వివాదం ఉంది" అని చూపించగలిగితే మన పిటిషను నిలవదు. నేను నోటీసు రాసే ముందు మూడుసార్లు అడిగాను: సరుకు బాగాలేదని ఎప్పుడైనా ఉత్తరం వచ్చిందా? లేదు, లేదు, లేదు.

తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. దాంతోపాటు పద్నాలుగు నెలల కిందటి ఒక ఉత్తరం కాపీ. కర్రలో తేమ ఎక్కువ, బెరడు తీయలేదు, కోత విధిస్తున్నాం అని. కింద మా క్లయింటు గుమాస్తా సంతకం, అందినట్టు. క్లయింటుని పిలిచి చూపించాను. "అదా వకీలమ్మా? అది ఆఫీసు రూలు కోసం పంపారు, పట్టించుకోవద్దని కొనుగోలు ఆఫీసరే చెప్పాడు" అన్నారు. ఆయన నిజమే చెబుతున్నారని నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆఫీసరు నోటి మాట గాలిలో పోయింది, ఉత్తరం ఫైల్లో మిగిలింది. 2017లో మోబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఏమిటంటే, ఆ వివాదంలో మనం గెలుస్తామా ఓడతామా అని ట్రిబ్యునల్ ఈ దశలో తేల్చదు. వివాదం నిజంగా ఉందా, కట్టుకథా అన్నంతే చూస్తుంది. ఉత్తరం కళ్లముందుంది. పిటిషను కొట్టేశారు. ఆయన సివిలు దావాకు వెళ్లారు, అది ఇంకా నడుస్తోంది.

ఆ వారమే రెండు వాక్యాల జవాబు రాసి ఉంటే చాలు. "మీ ఉత్తరం అందింది. సరుకు మీ కాటా మీద, మీ తనిఖీ తర్వాతే దింపుకున్నారు, కోత మాకు సమ్మతం కాదు." ఇంతే. దానికి వకీలు కూడా అక్కర్లేదు, గుమాస్తా రాయగలడు. కాటా చీటీ, గేటు పాసు, ఈ-వే బిల్లు, బిల్టీ, ఇవన్నీ ఒకే లోడుకి ఒకే పిన్ను గుచ్చి పెట్టండి. లారీ డ్రైవరు సీటు కింద వదిలేయకండి.

కాలం సంగతి కూడా అంతే. బాకీకి మూడేళ్లు ఆయుష్షు. బిల్లు వాయిదా దాటిన రోజునుంచి లెక్క. ఆ మూడేళ్ల లోపల అవతలివాడు "ఇంత బాకీ ఉన్నమాట నిజమే" అని సంతకం చేసి ఇస్తే, ఆ రోజునుంచి మళ్లీ మూడేళ్లు. ప్రతి మార్చి నెలాఖరుకు బాకీ ధ్రువీకరణ పత్రం మీద సంతకం తీసుకోండి అని నేను ఎన్ని ఊళ్లలో చెప్పానో లెక్కలేదు. ప్రతిచోటా ఒకటే జవాబు: "అడిగితే ఏటనుకుంటాడో." మజ్జిగౌరి అమ్మవారి మీద ఒట్టేసి ఇస్తానన్నాడు వకీలమ్మా, నమ్మకపోతే ఎలా, అన్నవాళ్లున్నారు. అమ్మవారి మీద భక్తి నాకూ ఉంది. కానీ ఒట్టు వేసిన మనిషి మనసు మంచిదే అయినా, రేపు ఆ కుర్చీలో రిజల్యూషన్ ప్రొఫెషనల్ వచ్చి కూర్చుంటాడు. ఆయన ఆ ఒట్టు వినలేదు. మూడేళ్లు దాటి కొద్దిరోజులకు నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. బాకీ నిజం, మనిషి నిజం, కాగితాలన్నీ నిజం, తేదీ ఒక్కటే దాటింది. వాళ్లకు కుదరదని చెప్పడం ఈ వృత్తిలో నాకు అన్నిటికన్నా కష్టమైన పని. ఇంకో సంగతి, 2020 మార్చి 25 నుంచి 2021 మార్చి 24 వరకు, కరోనా ఏడాదిలో ఎగ్గొట్టిన బాకీ మీద ఎన్.సి.ఎల్.టి.కి ఎప్పటికీ వెళ్లలేం. ఆ బాకీకి మిగతా కోర్టులే దారి.

కార్మికుల తరఫున నేను కొద్ది కేసులే చేశాను, కానీ ఆ కేసులంటే నాకు గౌరవం. గంజాం జిల్లా బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు కార్మికుల కోసం పనిచేసి రాష్ట్రపతి దాకా వెళ్లారు, వారి తండ్రి జోగయ్య పంతులు గారు వకీలే. ఆ నేల మీద నుంచి వచ్చి జీతం రాని మనిషిని పట్టించుకోకపోవడం తప్పు. కార్మికులు ఫారం డి వేయాలి. వందమంది ఉంటే ఒక ప్రతినిధి అందరి తరఫునా వేయవచ్చు. 2019లో ఒక జనపనార మిల్లు కేసులో సుప్రీంకోర్టు, కార్మిక సంఘమే ఆపరేషనల్ క్రెడిటరుగా పిటిషను వేయవచ్చని చెప్పింది. పి.ఎఫ్., గ్రాట్యుటీ నిధుల్లోంచి రావలసిన డబ్బు కంపెనీ ఆస్తిలో కలవదు, దాన్ని బంతి వడ్డనలో పెట్టకూడదు. ఇది మరిచిపోయి సంతకాలు పెట్టేవాళ్లున్నారు.

కోటికి తక్కువ బాకీ ఉన్నవాళ్లు నిరాశ పడనక్కర్లేదు. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉండి, సరుకు తయారుచేసేవారో సేవ చేసేవారో అయితే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం కొన్నవాడు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు కట్టాలి. లేకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు, చక్రవడ్డీతో. లారీ కిరాయి సేవ కిందికి వస్తుంది. కొని అమ్మే వ్యాపారికి మాత్రం ఈ ఆలస్యపు వడ్డీ రక్షణ లేదు. రిజిస్ట్రేషను సరుకు వేయకముందే ఉండాలి, గొడవ వచ్చాక చేయించుకుంటే పాత బిల్లులకు పనికొస్తుందన్న భరోసా లేదు.

జూనియర్లకు రెండు మాటలు. ఎన్.సి.ఎల్.టి.ని బెదిరించే కర్రలా వాడకండి. 2019 జనవరిలో స్విస్ రిబ్బన్స్ తీర్పులో సుప్రీంకోర్టు ఇది ఉత్త వసూలు చట్టం కాదని, కంపెనీని బతికించడం దీని మొదటి ఉద్దేశమని చెప్పింది. రుణదాత వకీలు ఆ మాటను అడ్డంకిగా చూడకూడదు. నడిచే మిల్లు మీ క్లయింటుకు పాత బాకీలో కొంతే ఇచ్చినా, వచ్చే ఏడాది కొత్త ఆర్డరు ఇస్తుంది. తుక్కుకి అమ్మిన మిల్లు ఏమిస్తుంది? ఒక కేసులో బ్యాంకు మూసేద్దామంటే, ఓటు లేని నా క్లయింట్ల తరఫున వెళ్లి ఇంకో నెల ఆగమని గంటసేపు చెప్పాను. ఆగారు, కొనేవాడు దొరికాడు. ఇక, పదేళ్ల ప్రాక్టీసు తర్వాత పరీక్ష రాసి మీరే ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్ కావచ్చు. ఒడియా, తెలుగు రెండూ వచ్చినవాళ్లు ఆ కుర్చీలో కూర్చుంటే ఈ సరిహద్దు ఊళ్లకు ఎంత మేలో మీరే ఆలోచించండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: మా బాకీదారు కంపెనీ కాదు, ఒక్కడే షావుకారు. ఆస్తి అంతా బావమరిది పేరున రాసేసి ఐ.పి. పెట్టాడు. ఏం చేయాలి?)

సొంత వ్యాపారం అయితే ఎన్.సి.ఎల్.టి. కాదు బాబూ. నేను చెప్పిన ఆ 1920 చట్టమే ఇప్పటికీ నడుస్తోంది, జిల్లా కోర్టులో. మీరు రెండు తేదీలు పట్టుకోండి, రాసిచ్చిన తేదీ, ఐ.పి. వేసిన తేదీ. రెంటికీ మధ్య రెండేళ్లు దాటకపోతే, సరైన విలువ తీసుకోకుండా రాసింది అయితే, ఆ దస్తావేజు రద్దు చేయమని, ఆస్తి చూడ్డానికి కోర్టు పెట్టిన రిసీవరు ద్వారా అడగవచ్చు. అలాగే మిగతా అప్పులవాళ్లను వదిలేసి ఒక్కడికే ముందు తీర్చేశాడనుకోండి, అది ఐ.పి.కి మూడు నెలల లోపల జరిగితే దాన్నీ ప్రశ్నించవచ్చు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి ఈసీ తీయించండి, రేపే. మీ బాకీ ప్రమాణపత్రం మాత్రం దానికోసం ఆపకండి. రిజిస్టరు పోస్టులో పంపండి.

(సభలోంచి: కంపెనీ మునిగితే డైరెక్టరు సొంత ఇంటి మీదికి వెళ్లవచ్చా?)

ఆయన మీకు సొంతంగా హామీ రాసిచ్చి ఉంటేనే. బ్యాంకులు రాయించుకుంటాయి, మీరు రాయించుకోరు. పెద్ద ఆర్డరు తీసుకునే రోజు అడగండి. ఆ రోజు ఆయనకు మీ సరుకు కావాలి, కాబట్టి ఆ రోజే అడగాలి.

(సభలోంచి ఒకరు సెల్‌ఫోనులో ప్రకటన ఫొటో చూపించారు.)

ఇలా ఇవ్వండి... ఇది వచ్చి పదకొండు రోజులైంది. గడువు ఇంకా మూడు రోజులుంది. మీకెంత రావాలి? బిల్లులు ఎక్కడున్నాయి? లారీ ఆఫీసులోనా? మీ అబ్బాయికి ఫోను చేసి అన్నీ తెమ్మనండి, ఏరకుండా, మొత్తం సంచితో. ఫారం బి నా దగ్గర ఉంది. హీరాఖండ్‌కి టిక్కెట్టు ఉంది కానీ బండి వేళ వరకు నేను ఇక్కడే ఉంటాను. ఆ మూల బల్ల దగ్గరికి రండి. ఇంకెవరి దగ్గరైనా ఇలాంటి ప్రకటన ఉంటే వాళ్లూ రండి.